పాత పోర్షా 911 (996): తక్కువ తిరిగిన కారా, ఎక్కువ బిల్లులున్న కారా?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్ నుంచి)

అందరికీ నమస్కారం. ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ ఉన్న కోరిక. ఇన్నాళ్ళకు ఇంట్లో ఒప్పించాను. 996 మోడల్ పోర్షా 911 కొందామని రెండు కార్లు చూసి పెట్టుకున్నాను. రెండూ మాన్యువల్ గేర్లే, రెండూ కూపేలే.

మొదటిది 2001 మోడల్, 3.4 లీటర్ ఇంజన్, 31 వేల మైళ్ళే తిరిగింది. ఒక పెద్దాయన గరాజ్‌లో కవర్ కప్పి ఉంచుకున్నారు. అద్దంలా ఉంది. బిల్లులు మాత్రం లేవు, "అన్నీ టైముకు చేయించాను" అంటున్నారు. 29 వేల డాలర్లు చెప్పారు. రెండోది 2002 మోడల్, 3.6 లీటర్, 92 వేల మైళ్ళు. ముందు బంపర్ నిండా చిన్న చిన్న రాళ్ళ దెబ్బలు, డ్రైవర్ సీటు అంచు అరిగిపోయింది. కానీ మా అబ్బాయి టెక్స్ట్‌బుక్ అంత లావు బిల్లుల ఫైలు చేతిలో పెట్టారు. 26 వేలు.

నా మనసంతా మొదటిదాని మీదే ఉంది. ఇంజన్ లోపలి ఐఎంఎస్ బేరింగ్ విరిగితే ఇంజనే పోతుందని చదివినప్పటి నుంచి టెన్షన్. మైళ్ళు తక్కువ కాబట్టి దానికి ఆ భయం ఉండదు కదా?

జవాబు (న్యూజెర్సీ నుంచి)

తమ్ముడూ, ఆ చివరి మాట తిరగేసి చదువుకో. నేను పదకొండేళ్ళుగా 996 నడుపుతున్నాను, అందుకే చనువుగా చెప్తున్నాను.

ఐఎంఎస్ అంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్. క్రాంక్ తిరుగుడును చెయిన్‌ల ద్వారా, వాల్వులు తెరిచే క్యామ్‌లకు అందించే ఇరుసు అది. దానికి ఫ్లైవీల్ వైపు ఉన్న కొసను మోసేది ఒక సీల్డ్ బాల్ బేరింగ్. లోపల గ్రీజు పెట్టి మూత బిగించి ఇచ్చారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సీలు గట్టిపడుతుంది. ఇంజన్ ఆయిల్ కొద్దికొద్దిగా లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. గ్రీజు పోయాక బాల్స్‌కు సరిపడా కొత్త ఆయిల్ అందదు. బేరింగ్ విరిగితే చెయిన్ లెక్క తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి, ఇంజన్ మొత్తం పోతుంది.

ఇప్పుడు ఆ పెద్దాయన కారు సంగతి ఆలోచించు. ఆదివారం తీసి, కాఫీ దాకా వెళ్ళి, మళ్ళీ కవర్ కప్పేశారు. ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. అందులో చేరిన తేమ, పెట్రోల్ ఆవిరి బయటికి పోవు. ఆ ఆయిల్‌లోనే బేరింగ్ ఏళ్ళ తరబడి నానుతుంది. వారం వారం హైవే మీద 40 మైళ్ళు పరిగెత్తి, ఏటా ఆయిల్ మార్చుకున్న కారే నయం.

ఈ బేరింగ్ మీద అమెరికాలో కోర్టు కేసు నడిచి 2013లో సెటిల్ అయింది. ఒక వరస బాల్స్ ఉన్న బేరింగ్‌లు పాడయ్యే శాతం 8 దాకా ఉందనీ, అంతకుముందు వాడిన రెండు వరసలవాటికి 1 లోపేననీ ఆ కేసులో బయటికొచ్చింది. నీ 2002 కారుది ఒక వరసదే. 2001 కార్లలో రెండు రకాలూ ఉన్నాయి, గేర్‌బాక్స్ దించితేనే తేలుతుంది. అంటే ఒక వరసవి కూడా నూటికి 92 బాగానే తిరుగుతున్నాయన్నమాట. నిద్ర మానుకోవాల్సినంత లేదు, అలాగని కళ్ళు మూసుకొని కొనేంత ధీమా కూడా వద్దు.

కారు ఊరికే నిలబెడితే ఏమవుతుందో నన్నడుగు. మా రెండోవాడు పుట్టినప్పుడు పద్నాలుగు నెలలు బయటికి తీయలేదు. బ్యాటరీ చచ్చింది. బ్యాటరీ ఉండేది ముందు డిక్కీలో. డిక్కీ తెరుచుకోవాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటు ఇవ్వాల్సిన బ్యాటరీ డిక్కీలోనే ఉంది! డ్రైవర్ కాళ్ళ దగ్గర ఫ్యూజుల పెట్టెకు బయటి నుంచి కరెంటిచ్చి తెరిచాను. తీరా చూస్తే టైర్లు ఒకవైపు చదునైపోయాయి, బ్రేక్ డిస్కులు తుప్పు పట్టాయి. అన్నీ కలిపి రెండు వేల మూడొందల డాలర్లు వదిలాయి. ఆ తర్వాత, నిలబెట్టిన కారు బ్యాటరీ దిగిపోకుండా చూసే నలభై డాలర్ల ట్రికిల్ చార్జర్ కొన్నాను.

జవాబు (అట్లాంటా నుంచి)

పై అన్నగారు చెప్పింది నిజమే. అయితే ఇలా కూర్చొని మనం అనుకుంటే తేలదు. మీరు ఏ కారు ఎంచుకున్నా, ఈ ఇంజన్‌తో బాగా పరిచయమున్న మెకానిక్‌తో కొనేముందు చెకింగ్ చేయించండి. అమ్మేవాళ్ళ మెకానిక్ మాత్రం వద్దు. నాలుగైదు వందల డాలర్లు అవుతుంది, వెనకాడకండి.

మీరు పక్కనే నిలబడి చూడాల్సింది ఆయిల్ ఫిల్టర్. డబ్బా విప్పి, లోపలి కాగితాన్ని కోసి, మడతలు విప్పి తెల్ల టిష్యూ మీద పరచమనండి. టార్చి వేసి చూడండి. గోధుమరంగు, నల్ల ప్లాస్టిక్ నలుసులు కొన్ని ఉంటే కంగారు పడొద్దు, చెయిన్ కింద ఉండే గైడ్లు అరిగి రాలినవి అవి. మెరిసే రవ్వలు కనబడితే టిష్యూ కింద అయస్కాంతం పెట్టి జరపండి. రవ్వలు దాని వెంట కదిలితే ఉక్కు. బేరింగ్‌లో ఉండేది ఉక్కే. దండం పెట్టి వచ్చేయండి.

రెండోది, స్పార్క్ ప్లగ్గులు తీసి చిన్న కెమెరా లోపలికి పంపి సిలిండర్ గోడలు చూడాలి. నిలువు గీతలు పడే జబ్బు 3.6 ఇంజన్‌లో ఎక్కువ. వెనక రెండు సైలెన్సర్ గొట్టాల్లో ఒకదానికే మసి దట్టంగా పట్టి ఉంటే అనుమానించాల్సిందే.

మూడోది చాలామంది అడగరు. కంప్యూటర్ పెట్టి ఓవర్‌రెవ్ (ఇంజన్ హద్దు దాటి తిరగడం) వివరాలు తీయించండి. రకం ఒకటి అంటే యాక్సిలరేటర్ తొక్కి, ఇంజన్ వేగానికి హద్దు పెట్టే లిమిటర్ దాకా వెళ్ళడం, పెద్ద విషయం కాదు. రకం రెండు అంటే ఐదు నుంచి నాలుగుకు వేయబోయి రెండో గేరు వేయడం లాంటిది. అప్పుడు చక్రాలే ఇంజన్‌ను గిరగిర తిప్పేస్తాయి, లిమిటర్ ఆపలేదు. అది ఇంజన్ ఎన్నో గంట మీద ఉండగా జరిగిందో కూడా నమోదై ఉంటుంది. ఎప్పుడో వందల గంటల కిందటిదైతే సరే, నిన్నమొన్నటిదైతే వద్దు.

ఆ పేజీలోనే ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. మైళ్ళను గంటలతో భాగించండి. 31 వేల మైళ్ళకు 1000 గంటలు ఉంటే సగటు 31 మైళ్ళు, నమ్మొచ్చు. 2500 గంటలు ఉంటే మీటరు కథ వేరే ఉన్నట్టే.

మధ్యలో ఒక మాట (హైదరాబాద్ నుంచి)

అన్నా, నేను కాలిఫోర్నియాలో ఉన్నప్పుడు కొన్న 996 అక్కడే మా బావ ఇంట్లో ఉంది. ఇక్కడికి తెచ్చుకునే దారేమైనా ఉందా?

జవాబు (అట్లాంటా నుంచి)

లేదండి. మన దేశంలోకి వాడిన కారు తేవాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. మీది రెండింట్లోనూ తప్పుతుంది. మీ బావగారిని నెలకోసారైనా నడపమనండి, న్యూజెర్సీ అన్నగారి డిక్కీ కథ గుర్తుంచుకొని.

జవాబు (సియాటిల్ నుంచి)

ఇంజన్ గురించి ఇద్దరూ చెప్పేశారు, నేను డబ్బు సంగతి చెప్తాను. 911 అంటే 1960ల నుంచి గాలితో చల్లబడే ఇంజనే. 1998తో ఆగిపోయిన 993 ఆ వరసలో చివరిది. 996తో నీళ్ళు వచ్చాయి, పైగా ముందు భాగం పోర్షా వాళ్ళదే చవక కారు బాక్‌స్టర్‌తో పంచుకుంది. ఆ ముందు దీపాలు పగలగొట్టిన గుడ్డులా ఉన్నాయని అభిమానులు ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. అందుకే 993కి పెట్టే డబ్బులో సగం కూడా పెట్టకుండా 996 దొరుకుతోంది. అదే 996లో టర్బో, జీటీ3లది వేరే ఇంజన్, ఈ ఐఎంఎస్ గొడవ లేదు. వాటి ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ప్రకటనల్లో అడిగే ధరలు చూసి లెక్క వేయకండి. వేలంలో నిజంగా అమ్ముడుపోయినవాటి ధరలు చూడండి. మాన్యువల్ కూపేకి ఉన్న గిరాకీ ఆటోమేటిక్ కన్వర్టిబుల్‌కి ఉండదు. మీ రెండూ మంచి రకమే. ఇక ఫైలు విషయానికొస్తే, ఏ తేదీన, ఎన్ని మైళ్ళ దగ్గర, ఏ భాగం మార్చారు అన్న మూడూ ఉంటేనే అది బిల్లు. "సర్వీస్ చేశాం" అని ముద్ర కొట్టిన కాగితానికి విలువ లేదు.

ఇన్సూరెన్స్ మామూలుది తీసుకోవద్దు. యాక్సిడెంట్ అయితే "ఇరవై ఏళ్ళ పాత కారు" అని లెక్కగట్టి ఇస్తారు. ముందే ఒప్పుకున్న విలువ మీద ఇచ్చే పాలసీలు ఉన్నాయి. మైళ్ళకు పరిమితి పెడతారు, రోజూ తిరగడానికి ఇంకో కారు ఉండాలంటారు, కారు గరాజ్‌లో పెట్టాలంటారు. మీకు మూడూ కుదురుతాయి.

కొన్న రోజే ఇంకో ఐదారు వేలు పక్కన పెట్టేయండి. కారు ధర పాత కారుదే అయినా పార్టుల ధర పోర్షాదే. ఏనుగును కొనగానే సరికాదు, మేపాలి కదా.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తర్వాత

అన్నలకు, అక్కకు థాంక్స్. జరిగింది చెప్తాను.

మొదటి కారు దగ్గరికి మళ్ళీ వెళ్ళి టైర్ల మీద నాలుగంకెలు చూశాను. 2309 అని ఉంది, అంటే 2009లో 23వ వారం. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, పక్కన గోరు పెడితే సన్నటి పగుళ్ళు తగిలాయి. కూలెంట్ ట్యాంక్ కారుతో వచ్చినదే, పసుపురంగుకు తిరిగింది. ఆయిల్ ఫిల్టర్ విప్పుతామంటే పెద్దాయన ఒప్పుకోలేదు. ఆయన మంచివాడే, కారంటే ప్రాణం, ఎవరూ చెయ్యి వేయకూడదంతే. నేను కాఫీ తాగి వచ్చేశాను.

రెండోదాని ఫిల్టర్‌లో నల్ల నలుసులు ఏడెనిమిది, అయస్కాంతానికి ఏదీ కదల్లేదు. సిలిండర్లు ఆరూ శుభ్రంగా ఉన్నాయి. రకం రెండు ఓవర్‌రెవ్ ఒక్కసారే, అదీ 2100 గంటల కిందట. గేర్‌బాక్స్ కలిసే చోట కొంచెం ఆయిల్ చెమ్మ. ఫైల్లో ఐఎంఎస్ 2014లో, 58 వేల మైళ్ళ దగ్గర మార్చినట్టు బిల్లు ఉంది. ఆ చెమ్మను, బేరింగ్ వయసును చూపించి బేరమాడితే 23,500కి దిగారు. ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి కాబట్టి క్లచ్, వెనక సీలు, బేరింగ్ మూడూ ఒకేసారి వేయిస్తున్నాను.

ఒక చిన్న సందేహం. ఏసీ సరిగ్గా చల్లగా రావడం లేదు. ఇక్కడి ఎండకు కష్టం. గ్యాస్ పట్టించాలా?

జవాబు (న్యూజెర్సీ నుంచి)

గ్యాస్ తర్వాత. ముందు బంపర్ ఊడదీయించు. రెండు పక్కలా రేడియేటర్ల ముందే ఏసీ కండెన్సర్లు ఉంటాయి, గాలి వెళ్ళే నోళ్ళకు జాలీ ఉండదు. లోపల ఎన్ని ఆకులు ఉంటాయో నువ్వే చూస్తావు.

ప్రశ్న అడిగినవారు

తీయించాను అన్నా. ఓ సంచికి సరిపడా ఎండాకులు, ఒక గోల్ఫ్ బంతి. ఏసీ ఇప్పుడు చలేస్తోంది. జాలీ ఆర్డర్ పెట్టాను.