బిల్లీ కోబమ్ ‘స్పెక్ట్రమ్’లో డ్రమ్స్ ఎక్కడ వినాలి?

పాలకొల్లు డోలు:
మాది సన్నాయి మేళం కుటుంబం. గుళ్లలో, పెళ్లిళ్లలో డోలు వాయిస్తాను. కాకినాడలో చదువుతున్న మా మేనల్లుడు ‘మామయ్యా, ఇది బిల్లీ కోబమ్ అనే జాజ్-రాక్ డ్రమ్మర్ సొంత ఆల్బమ్’ అంటూ ‘స్పెక్ట్రమ్’ నా ఫోనులో ఎక్కించాడు. తీరా వింటే గిటారూ కీబోర్డులే ముందుకొస్తున్నాయి. పేరు డ్రమ్మర్‌ది, పెత్తనం వాళ్లదా? పైగా ‘స్ట్రాటస్’లో బేస్ గిటారు ఒకే ముక్కను తిప్పి తిప్పి వాయిస్తుంది. మా మేళంలో అలా వాయిస్తే సన్నాయి వాయించే మా పెదనాన్న మరునాడు పిలవరు. దీన్ని ఎలా వినాలో తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం బ్యాండు మాస్టారు:
బాబూ, ఆ ‘స్ట్రాటస్’నే పట్టుకోండి. దాదాపు పది నిమిషాల పాట. మొదట చాలాసేపు యాన్ హామర్ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే కీబోర్డు) చప్పుళ్లు, వాటి మీద కోబమ్ ఉరుములు. తర్వాత లీ స్క్లార్ బేస్ అందుకుంటాడు, ఇక వదలడు. మీ మేళంలో తాళం వేసే మనిషి చేయి కదలకుండా ఉంటేనే కదా, మీరు లెక్క విడగొట్టి ఎటు తిరిగినా సమం మీదికి వచ్చి పడగలిగేది? ఇక్కడ ఆ తాళం స్క్లార్ చేతిలో ఉంది. టామీ బోలిన్ గిటారును కాసేపు మరిచిపోయి, హెడ్‌ఫోన్‌లో స్నేర్ (చిటపటమని పలికే చిన్న డ్రమ్ము) ఒక్కటే వినండి. పెద్ద దెబ్బల నడుమ సన్నటి దెబ్బలు దొర్లుతుంటాయి. గిటారు రెచ్చిపోయే కొద్దీ అవి చిక్కబడతాయి. పెత్తనం అక్కడుంది. 1973లో న్యూయార్క్‌లోని ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో రికార్డు చేసిన ఈ ఆల్బమే నాయకుడిగా కోబమ్‌కు మొదటిది. అంతకు ముందు గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్ నడిపిన మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బృందంలో వాయించాడు.

రాజోలు లంక:
మాస్టారు చెప్పినదంతా నిజమే కానీ, ఇదే ఆల్బమ్‌లోని ‘క్వాడ్రంట్ 4’ వేగం నాకు సర్కస్‌లా తోస్తుంది. రెండు బేస్ డ్రమ్ముల మీద ఆ షఫుల్ (కుంటినడక లాంటి ఊపు) వినేసరికి నా కాళ్లు లాగుతాయి. నా ఓటు ‘రెడ్ బారన్’కు. నిదానంగా, బలుపు లేకుండా సాగుతుంది. ఇంకో సంగతి, కోబమ్ వీడియో చూడండి. ఎడమచేత్తో హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) వాయిస్తాడు, చేతులు ఒకదాని మీదుగా ఒకటి అడ్డం పడవు.

అత్తిలి అమ్మాయి:
ఆ బేస్ ముక్క విసుగనిపిస్తే, 1991లో వచ్చిన, మాసివ్ అటాక్ అనే బ్రిటిష్ బృందం పాట ‘సేఫ్ ఫ్రమ్ హార్మ్’ వినండి. దాన్నే పునాదిగా తీసుకున్నారు. ఒకే ముక్కకు అంత ఆయుష్షుంది.

పాలకొల్లు డోలు:
మాస్టారూ, స్నేర్ పట్టుకున్నాను. సన్నటి దెబ్బలు అందాయి. ఇప్పుడు వేరే చిక్కు వచ్చింది. కొన్నిచోట్ల గిటారెక్కడ ఆగిందో, సింథసైజరెక్కడ అందుకుందో పోల్చుకోలేకపోతున్నాను.

భీమవరం బ్యాండు మాస్టారు:
అది హామర్ పనే. సింథసైజర్ పక్కనున్న చిన్న చక్రాన్ని తిప్పి స్వరాన్ని జారుస్తాడు, అందుకే గిటారులా పలుకుతుంది. ముహూర్తాలు అయిపోయాక మహావిష్ణు ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ పెట్టుకోండి. అందులోనూ ఈయనా కోబమూ ఉన్నారు.