అక్రమ వలసల జమాఖర్చులో పిల్లల బడి ఖర్చు ఎవరి పద్దులో వేయాలి?

అమెరికాలో పత్రాలు లేని వలసదారుల వల్ల ప్రభుత్వాలకు వచ్చేదెంత, పోయేదెంత అన్న లెక్క కడుతున్నాను. రెండు చోట్ల ముడి పడింది, తెలిసినవారు విప్పగలరా?

రాబడి వైపు దారి తెలుసు. దొంగ సోషల్ సెక్యూరిటీ నంబరుతోనో, వేరొకరి నంబరుతోనో జీతాల పట్టీకెక్కినవారికి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను పథకం) కింద 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) కింద 1.45 శాతం కోత పడుతుంది. యజమానీ అంతే కడతాడు. ఆ జమ మీద వాళ్లు పింఛను అడగలేరు. నగదు కూలి తీసుకునేవారికి ఈ కోతే లేదు కనుక, పట్టీలో ఉన్నవారి వాటాను కాస్త అటూఇటూ చేసినా ఫలితం తారుమారవుతుంది. (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివారికి పన్ను శాఖ ఇచ్చే నంబరైన ఐటీఐఎన్‌తో ఆదాయపు పన్ను కట్టేవారిని విడిగా వేశాను.)

తంటా అంతా ఖర్చు దగ్గరే. ప్లైలర్ వర్సెస్ డో కేసులో 1982 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం పత్రాలు లేవని పిల్లలకు ప్రభుత్వ బడిలో చోటు నిరాకరించకూడదు. ఆ ఖర్చులో పెద్ద భాగం రాష్ట్రాలు, స్థానిక సంస్థలు భరిస్తాయి. పైన చెప్పిన కోతలు మాత్రం ఫెడరల్ (కేంద్ర) ఖజానాకు పోతాయి. అదే కుటుంబం ఒకరికి లాభంగా, మరొకరికి నష్టంగా తేలడానికి కారణం ఇదే.

అమెరికాలోనే పుట్టి పౌరులైన పిల్లల చదువును తల్లిదండ్రుల ఖాతాలో రాస్తే, పెద్దయ్యాక వాళ్లు కట్టే పన్నునూ అక్కడే జమ వేయాలి కదా? ఒక్క ఏడాది లెక్కలో అది కుదరదు. జీవితకాలపు లెక్కకు ఏ డిస్కౌంట్ రేటు (ముందు ముందు వచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించే రేటు) వాడుతున్నారు?

రెండోది జనసంఖ్య. సెన్సస్ సర్వేలో విదేశాల్లో పుట్టినవారి నుంచి చట్టబద్ధంగా ఉన్నవారిని తీసేసి మిగిలింది వాడుతున్నాను. సర్వేకు దొరకనివారి కోసం ఎంత శాతం కలుపుతున్నారు? కొత్తగా వచ్చినవారికి, పాతవారికి వేర్వేరు శాతాలా?