కంపెనీ ఆంప్లిఫయర్‌కు కొత్త స్టీరియో కలిపితే ఈల శబ్దం వస్తోంది, ఏం చేయాలి?

కారుతో వచ్చిన స్టీరియో తీసేసి బయట కొన్నది బిగించాను. సీటు కింద ఉన్న ఆంప్లిఫయర్ మాత్రం కంపెనీదే, దాన్ని మార్చే ఉద్దేశం లేదు.

ఇంజను ఆపి ఉంటే పాట శుభ్రంగా వినిపిస్తుంది. స్టార్ట్ చేయగానే సన్నటి ఈల మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ ఈల కీచుగా మారుతుంది. వాల్యూమ్ సున్నాకు తెచ్చినా ఆగదు!

ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే నీలం-తెలుపు చారల రిమోట్ తీగ మీద స్టీరియో వేస్తే 12 వోల్టులు వస్తున్నాయి, ఆపితే పోతున్నాయి. అక్కడ బెంగ లేదు.

నా అనుమానం సిగ్నల్ మీదే. స్టీరియో వెనక ఆంప్లిఫయర్ కోసం ఉండే ఆర్‌సీఏ అవుట్‌పుట్ల (గుండ్రటి సాకెట్లు) నుంచి తీసుకున్నాను. వాటి మైనస్ స్టీరియో బాడీతో పాటే గ్రౌండుకు (కారు బాడీకి) కలిసి ఉంటుంది. చాలా కంపెనీ ఆంప్లిఫయర్లకేమో ప్రతి చానెల్‌కూ ప్లస్, మైనస్ రెండూ గ్రౌండుతో సంబంధం లేకుండా అందాలి. ఈల ఈ తేడా వల్లేనా, లేక గ్రౌండ్ లూపా (రెండు పరికరాలు వేర్వేరు చోట్ల గ్రౌండ్ అయితే వచ్చే రొద)? స్టీరియో గ్రౌండు తీగను ఆంప్లిఫయర్ గ్రౌండు దగ్గరికే తీసుకెళితే సరిపోతుందా?

సిగ్నల్ దారిలో రెండు వైపుల గ్రౌండ్లను విడదీసే, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ పెట్టవచ్చు కానీ, చౌకరకం వాటితో బాస్ పలచబడుతుంది. ఆర్‌సీఏ బదులు స్టీరియో స్పీకర్ తీగల నుంచి ఇవ్వాలంటే సిగ్నల్ స్థాయిని తగ్గించే అడాప్టర్ మధ్యలో ఉండాలి. రెండింటిలో ఏది మేలు?

ఆంప్లిఫయర్‌ను తప్పించమని మాత్రం దయచేసి చెప్పకండి. అప్పుడు స్పీకర్లను నేరుగా స్టీరియోకే కలపాలి; వాటి మీద 2 ఓములు అని ఉంది, స్టీరియోకు కనీసం 4 కావాలి.