రెల్లులోకి దిగి గుడ్లగూబను లేపాలా, గట్టు మీదే ఆగి చూడాలా?

ఏటిగట్టు:
ఆదివారం జరిగినదాని గురించి అడుగుతున్నాను. గౌతమి పాయలో ఒక లంక మీద పొట్టి చెవుల గుడ్లగూబ ఉందని కబురు రాగానే తొమ్మిది మందిమి పడవ దాటి వెళ్ళాం. లంక పేరు కావాలనే రాయడం లేదు. గుడ్లగూబల్ని మంత్రాలకీ పూజలకీ పట్టి అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మధ్యాహ్నం రెండింటికి, మంచి ఎండలో, పది అడుగులకొకరం వరసగా నిలబడి రెల్లులోంచి నడిచాం. నాకు మూడు బారల దూరంలో లేచింది. ఎండుగడ్డి రంగు ఒళ్ళు, పసుపు కళ్ళు, వాటి చుట్టూ కాటుక పులిమినంత నలుపు. అందరూ ఫోటోలు తీస్తుండగానే నాలుగు కాకులు వెంటపడ్డాయి, ఆ వెనకాలే ఒక గద్ద. పాపం, ఏటి మీద రెండు చుట్లు తిరిగి అవతలి ఒడ్డు వైపు పోయింది. చీకటి పడేదాకా చూశాం, తిరిగి రాలేదు.

మనం చేసింది తప్పని నా అభిప్రాయం. ఈ పిట్ట పగలు చెట్టు తొర్రలో ఉండదు, నేల మీదే దుబ్బు మొదట్లో పడుకుంటుంది. ఆ రంగే దానికి కాపలా. తొక్కుతామేమో అన్నంత దగ్గరికి వెళ్తే గానీ లేవదు. పైగా దీనికోసం చీకట్లో వెతకక్కర్లేదు. పొద్దు వాలుతుండగానే రెల్లు మీద తక్కువ ఎత్తులో, మెల్లగా రెక్కలాడిస్తూ వేటకి వస్తుంది. గంట ఓపిక పడితే గట్టు మీద నుంచే కనిపించేది.

కాకినాడ కెమెరా:
ఆ వరసలో నేనూ ఉన్నానండి. కాకులు వెంటపడటం చూసి నాకూ బాధ కలిగింది. కానీ ఫోటో లేకపోతే నమ్మేదెవరు? కిందటేడు నేను సంజె వెలుగులో చూసి రాస్తే, అది గుడి గోపురాల్లో ఉండే తెల్ల గుడ్లగూబే అని కొట్టిపారేశారు. కోరింగ మడ అడవికి 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. లంక రెల్లుకి ఏముంది? కాగితాల్లో అది ఉత్త బంజరు. మట్టి ఇటుక బట్టీలకి పోతోంది, మిగిలినచోట దున్నేస్తున్నారు. ఇక్కడ ఇలాంటి పిట్ట ఉందని రుజువు చూపిస్తేనే కదా రేపు ఎవరినైనా అడగగలం? ఇది చలికాలానికి వచ్చి పోయేదే, గూడు పెట్టేది ఉత్తరాది చలి దేశాల్లో. ఒక్కసారి లేపితే చెడిపోవడానికి ఇక్కడ గుడ్లూ లేవు, పిల్లలూ లేవు.

ఏటిగట్టు:
గుడ్లు లేవు, నిజమే. ఆకలి ఉంది కదా తమ్ముడూ. వేసవి ముందు అంత దూరం తిరిగి ఎగరాలంటే ఒంట్లో కొవ్వు పట్టాల్సింది ఇక్కడే. ‘ఒక్కసారి’ అన్నది మన లెక్క. ఫోటో బయటికి వచ్చాక వచ్చే ఆదివారం ఇంకో పదిమంది వస్తారు, ఆపై ఆదివారం ఇంకో పదిమంది. దానికి అది రోజూ జరిగే తరుముడే.

లంక రైతు:
నాది ఆ పక్క లంకేనండి. మా అబ్బాయి చూపిస్తే చదివాను. మేం ఏటా పాకలకి రెల్లు కోస్తాం. కొడవలి ముందునుంచి ఈ పిట్ట లేవడం నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, పేరే తెలీదు. పడుకున్న చోట, అరగని బొచ్చూ ఎముకలూ అది కక్కేసిన బొటనవేలంత ఉండలు పడుంటాయి. మొన్న ఒకటి మా మనవడు విప్పాడు. బూడిదరంగు బొచ్చు, సూదుల్లాంటి ఎముకలు, నారింజరంగు పళ్ళతో ఒక ఎలుక దవడ. మా పొలం ఎలుకే! అప్పట్నుంచి దాని మీద నాకు గౌరవం పెరిగింది.

మీరు అనుకోని సంగతి ఒకటి చెబుతాను. ఇప్పుడు దాళ్వా, అంటే రెండో పంట వరి, నారుమళ్ళ కాలం. అవతలి ఒడ్డున బొరియల్లో బ్రోమాడియోలోన్ ఎర పెట్టారు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తూలుతూ తిరుగుతుంది. అలాంటిదాన్ని తింటే పిట్టకీ ముప్పే. మీరు రెల్లులోంచి తరిమితే అది పోయేది అటేనండి.

బడి మాస్టారు:
ఈ రైతుగారి మాట విన్నాక వరస నడక అవసరమే లేదనిపిస్తోంది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి పిట్ట 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది కూడా అక్కడి ఊళ్ళవాళ్ళ సాయంతోనే. కోత పూర్తయిన చోట ఏరిన ఉండలు, తేదీ, గట్టు మీద నుంచి తీసిన ఫోటో, అది మసగ్గా ఉన్నా సరే, ఈ మూడూ కలిస్తే గట్టి ఆధారమే. పిట్ట వెళ్ళిపోయేదాకా, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్లో మన జాబితాని బయటికి కనపడకుండా ఉంచవచ్చు.

కాకినాడ కెమెరా:
ఎర సంగతి నిజంగా నాకు తెలీదు. తొమ్మిది మందితో నడవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ అసలు దిగకూడదంటే మాత్రం ఒప్పుకోలేను. గట్టు మీద నుంచి చూస్తే ఒకటే పిట్టో, నాలుగు ఉన్నాయో ఎలా తెలుస్తుంది? లెక్క లేకుండా ఆ గడ్డిని కాపాడమని ఎవరిని అడుగుతాం? ఒకరో ఇద్దరో, రైతు బాబాయి వెంట, ఏడాదికొక్కసారి దిగాలి.

లంక రైతు:
వేటకి లేచినప్పుడు లెక్కపెట్టుకోవచ్చండి. కిందటేడు నేను మా గట్టు మీద కూర్చుని ఒకేసారి మూడింటిని చూశాను. సాయంత్రం నాలుగింటికి రేవు దగ్గరికి రండి, సూర్యుడు వీపు వెనక ఉండే చోటు చూపిస్తాను. తూర్పు మూల రెల్లు శివరాత్రి దాకా కొయ్యను. అప్పటికి పెళుసెక్కిపోయి పాకకి పనికిరాదు, అది నాకు నష్టమే.

కాకినాడ కెమెరా:
ఆ మోపుల డబ్బు నేనిస్తాను బాబాయ్. ఆదివారం నేనూ, మాస్టారూ, ఇద్దరమే వస్తాం. తూర్పు మూలకి ఒక్కసారి తీసుకెళ్తావా?

లంక రైతు:
డబ్బు తీసుకుంటాను బాబూ. ఆ మూలకి మాత్రం తీసుకెళ్ళను.