నగదుతో తిరిగే వ్యాపారి నడుముకు రివాల్వర్ ఉండాలా?

ప్రశ్న అడిగినవారు, ప్రకాశం జిల్లా:

మాది చిన్న పట్టణంలో బంగారం, తాకట్టు వ్యాపారం. నాన్నగారికి అరవై ఒక్క ఏళ్లు. రాత్రి తొమ్మిదికి కొట్టు కట్టేసి, ఆనాటి నగదును, ఒక్కోసారి తాకట్టు వస్తువులను కూడా సంచిలో పెట్టుకుని స్కూటర్ మీద రెండు కిలోమీటర్ల దూరంలోని ఇంటికి వస్తారు. గత నెల మా వీధి చివర ఒక కిరాణా వ్యాపారి కళ్లలో కారం కొట్టి సంచి లాక్కుపోయారు. అప్పటి నుంచి నాన్నగారు రివాల్వర్ లైసెన్సుకు దరఖాస్తు పెడతానంటున్నారు, అమ్మ వద్దంటోంది. చట్టం ఏమంటుందో, ఆయుధం దగ్గర ఉంచుకున్నవారి అనుభవం ఏమిటో తెలిసినవారు చెప్పగలరు.

వస్త్ర వ్యాపారి, తెనాలి:

దరఖాస్తు పెట్టమనే నా సలహా. దోపిడీ జరగడానికి అర నిమిషం చాలు. పోలీసులు ఎంత చురుకుగా ఉన్నా ఆ అర నిమిషంలో రాలేరు. చట్టం ఆత్మరక్షణ హక్కును గుర్తించినప్పుడు, దానిని వాడుకునే సాధనం కష్టపడి సంపాదించుకున్న మనిషి దగ్గర ఉండటంలో తప్పేముంది? దొంగ దగ్గర కత్తి ఉందని తెలిసి మనం మాత్రం ఒట్టి చేతులతో తిరగాలనడం నాకు న్యాయంగా తోచదు.

న్యాయవాది, గుంటూరు:

ఆయుధం దగ్గర ఉంచుకునే అనుమతి వేరు, దానిని మనిషి మీద ప్రయోగించే హక్కు వేరు. అనుమతిని 1959 నాటి ఆయుధాల చట్టం కింద జిల్లాలో కలెక్టరు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు ఇస్తారు. హక్కు మాత్రం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది, అది లైసెన్సు లేనివారికీ అంతే వర్తిస్తుంది. లైసెన్సు చేతికి రాగానే ఆ హక్కు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. వీసమెత్తు కూడా పెరగదు.

ప్రాణానికి ముప్పు లేదా తీవ్ర గాయం తప్పదన్న సహేతుకమైన భయం ఉన్నప్పుడు ప్రాణం తీసేంత వరకు కూడా వెళ్లవచ్చని 38వ సెక్షన్ చెబుతుంది. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కు లేదని, రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయరాదని 37వ సెక్షన్ హద్దు పెడుతుంది. ఆ హద్దును కొలిచేటప్పుడు న్యాయస్థానాలు కఠినంగా ఉండవు. 1950లో మధ్యప్రదేశ్‌లోని కట్నీ పట్టణంలో అల్లర్లు జరిగినప్పుడు, ఒక దుకాణదారుడి ఇంటిలోనే మరో భాగాన్ని మూక దోచి, ఆయన తలుపులను లాఠీలతో బాదుతుండగా ఆయన తుపాకీ పేల్చారు. 1952లో సుప్రీంకోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేసింది. అటువంటి క్షణాలను బంగారం తూచే త్రాసులో తూచలేమన్నది ఆ తీర్పు సారాంశం. మీ నాన్నగారి వృత్తిలో ఉన్నవారికి ఆ పోలిక బాగా అర్థమవుతుంది. అయితే ఆ తీర్పు రావడానికి ముందు ఆ దుకాణదారుడు కింది కోర్టుల్లో దోషిగా నిలబడ్డారని మరచిపోకూడదు. ఆత్మరక్షణ కోసమే కాల్చి ఉండే అవకాశమే ఎక్కువని చూపవలసిన భారం కాల్చినవారిదే. ఈలోగా ఆయుధం జప్తు అవుతుంది, అరెస్టు కూడా కావచ్చు.

లైసెన్సు బాధ్యతలు కూడా చిన్నవి కావు. 21 ఏళ్లు నిండి ఉండాలి, పోలీసు విచారణ జరుగుతుంది, 2016 నియమాల ప్రకారం ఆయుధ భద్రతలో శిక్షణ పొందాలి. బహిరంగ ప్రదేశంలో రివాల్వర్‌ను కప్పి ఉన్న హోల్‌స్టర్‌లోనే తీసుకెళ్లాలి. అది పోతే వెంటనే ఠాణాలో చెప్పాలి. పెళ్లి ఊరేగింపులో సరదాకు పేల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, 2019 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మా వద్దకు వచ్చేవారిలో చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. లైసెన్సు మనిషికి ఇస్తారు, కుటుంబానికి కాదు. నాన్నగారు భోజనానికి వెళ్లినప్పుడు మీరు ఆ రివాల్వర్ పెట్టుకుని గల్లా దగ్గర కూర్చుంటే, మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ఆయుధం. దానికి రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. మరమ్మతుకో, రెన్యువల్‌కో ఆయన రాతపూర్వక అనుమతితో తీసుకెళ్లడం వేరు.

వస్త్ర వ్యాపారి, తెనాలి:

న్యాయవాది గారూ, సంచి లాక్కుని పారిపోతున్నవాడిని కాల్చకూడదా? అది కూడా ఆస్తి రక్షణే కదా?

న్యాయవాది, గుంటూరు:

దోపిడీ విషయంలో, తక్షణమే చావో, గాయమో, నిర్బంధమో తప్పదన్న భయం కొనసాగినంత సేపే ఆ హక్కు కొనసాగుతుంది. వాడు వీపు తిప్పి బండెక్కి వెళ్లిపోతున్నప్పుడు ఆ భయం ఎక్కడుందని ప్రాసిక్యూటర్ అడుగుతారు. సంచిలో పది లక్షలున్నాయన్నది దానికి సమాధానం కాదు.

తెలుగువారొకరు, డల్లాస్:

చర్చ ఆంధ్రప్రదేశ్ గురించే అయినా ఒక మాట. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరమైన నిషేధం లేనివారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. దానిని చూసి మన విద్యార్థులు పొరబడుతున్నారు. ఎఫ్-1, హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారికి, కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం, అంటే రాష్ట్ర చట్టం ఏమన్నా అమెరికా కేంద్ర చట్టం కింద నేరం. రాత్రిపూట దుకాణంలో పనిచేసే పిల్లలు కౌంటర్ కింద యజమాని పెట్టిన తుపాకీని కూడా ముట్టుకోవద్దని వారి తల్లిదండ్రులు చెప్పాలి.

పూర్వ లైసెన్సుదారు, రాయలసీమ:

నేను పదకొండేళ్లు .32 రివాల్వర్ పెట్టుకుని తిరిగాను. పత్తి, వేరుశనగ కొనుగోలుకు అప్పట్లో నగదే మోసేవాళ్లం. నడుముకు కట్టుకుని తిరగడం ఆ బాధ్యతలో చిన్న భాగం. రోజూ రాత్రి ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా లోపలి గదికి వెళ్లి, తలుపు వేసి, సిలిండర్ తెరిచి ఆరు తూటాలూ అరచేతిలోకి ఒంపుకుని, లెక్కపెట్టి, ఇత్తడి పెట్టెలో వేసి ఒక తాళం, రివాల్వర్‌ను బీరువాలో పెట్టి మరో తాళం వేసేవాడిని. జ్వరం వచ్చినా, ఇంటికి చుట్టాలు వచ్చినా ఆ పని తప్పదు. పెళ్లికి పిలిస్తే, అక్కడ మందు పోస్తారేమోనని దానిని ఇంట్లోనే పెట్టి వెళ్లాలి. బస్సులో నిద్రపోకూడదు. ఎవరితోనైనా మాట పెరిగితే ముందు మనమే తగ్గి పక్కకు రావాలి, ఎందుకంటే ఆ తగవులో తుపాకీ ఉన్నది మన దగ్గరే.

ఒక రాత్రి గోదాము నుంచి వస్తుంటే హెడ్‌లైట్ వెలగని బండి ఒకటి నన్ను వెంబడించింది. నేను వేగం పెంచితే అదీ పెంచింది. మలుపు దగ్గర బండి ఆపి, చేయి హోల్‌స్టర్ మీద వేసి, బొత్తాం కూడా విప్పాను. వచ్చినవాడు మా టీ కొట్టు కుర్రవాడు, పదహారేళ్లుంటాయి. "అయ్యా, తాళాల గుత్తి బల్ల మీదే మరిచిపోయారు" అన్నాడు. తాళాలు అందుకుంటున్నప్పుడు నా చేయి ఎందుకు వణుకుతోందో వాడికి తెలియదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కిరాణా వ్యాపారికి జరిగింది కూడా ఆలోచించండి. కళ్లలో కారం పడిన మనిషి దేనిని గురి చూస్తాడు? జనం తిరిగే బజారులో ఆ తూటా ఎవరికి తగులుతుంది?

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చాక నా రివాల్వర్‌ను ఠాణాలో జమ చేయవలసి వచ్చింది. జూన్ 4న ఫలితాలు వచ్చిన తరువాత కొన్నాళ్లకు గాని తిరిగి చేతికి రాలేదు. ఆ రోజులన్నీ వ్యాపారం ఆగలేదు. మధ్యాహ్నమే బ్యాంకులో కట్టేశాం, చెల్లింపులు వీలైనంత వరకు ఫోన్లలోకి మార్చాం, బయలుదేరే వేళలు రోజూ మార్చాం, ఇద్దరం కలిసి వెళ్లాం. తిరిగి తెచ్చుకున్నాక కూడా ఆ పద్ధతే కొనసాగించాను, రివాల్వర్ బీరువాలోనే ఉండిపోయింది. గడువు తీరకముందే లైసెన్సున్న డీలరు దగ్గర జమ చేసి, రెన్యువల్ మానుకున్నాను. నగదు తగ్గించుకునే వీలు లేనివారు, ఊరికి దూరంగా తోటల్లో ఒంటరిగా ఉండేవారు వేరే నిర్ణయానికి రావచ్చు. వారిని నేను తప్పుపట్టను. రోజూ రెండు కిలోమీటర్లు నగదు మోసే అవసరం నిజంగా ఉందా అని మీ నాన్నగారిని ముందు అడగండి.

ప్రశ్న అడిగినవారు, ప్రకాశం జిల్లా:

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. దరఖాస్తు ఆలోచన మానుకున్నానని ఆయన అనలేదు. రేపటి నుంచి నగదును మాత్రం సాయంత్రం నాలుగు లోపే బ్యాంకులో కడతానన్నారు, తాకట్టు వస్తువులను కొట్టులోనే ఇనప్పెట్టెలో ఉంచుతారట. మా బీరువా తాళం ఎప్పుడూ ఆయన తలగడ కిందే ఉంటుంది, ఆరేళ్ల మా పాప ఆ తలగడ మీదే ఆడుకుంటుంది. ఆ తాళం చోటు ఈ రాత్రే మార్చాలని అమ్మ పట్టుబట్టింది.