14 ఏళ్ల అమ్మాయికి ఇవ్వదగ్గ మంచి పుస్తకాలు చెప్పండి

అందరికీ నమస్కారం. మా అక్క కూతురికి 14 ఏళ్లు. హ్యారీ పాటర్ ఏడు భాగాలూ ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు పిల్లల కథలంటే విసుగు, పెద్దవాళ్ల నవలలేమో సగంలోనే వదిలేస్తోంది.

ఈమధ్య ఆన్ ఫ్రాంక్ డైరీ ఇచ్చాను. 1947లో మొదటిసారి అచ్చయిన పుస్తకం ఈ కాలం పిల్లకి ఎక్కుతుందా అనుకున్నాను గానీ, కింద పెట్టకుండా చదివేసింది. ఆన్‌కి ఆ డైరీ 13వ పుట్టినరోజుకి వచ్చిందనీ, 'కిట్టీ' అనే స్నేహితురాలికి ఉత్తరాలు రాస్తున్నట్టు అందులో రాసుకుందనీ ఇంట్లో అందరికీ చెప్పింది. వాళ్ల అమ్మతో పడకపోవడం గురించి ఆన్ రాసిన పేజీలకి మూలలు మడిచి పెట్టుకుంది కూడా. తన ఈడు పిల్ల మనసు విప్పి మాట్లాడుతుంటే ఎంత ఇష్టంగా చదువుతుందో అప్పుడే తెలిసింది.

అలాంటివి ఇంకేమున్నాయి? ఎస్.ఇ. హింటన్ టీనేజ్‌లోనే రాసిన 'ది అవుట్‌సైడర్స్' (1967) ఇద్దామనుకుంటున్నాను. అందులో ముఠా కొట్లాటలు, చావులు ఉన్నాయి కాబట్టి కాస్త టెన్షన్‌గా ఉంది. ఈ వయసుకి ఫర్వాలేదా? చదివినవాళ్లు చెప్పండి.

తెలుగైనా ఇంగ్లిషైనా సరే, తెలుగు అనువాదం దొరికితే మరీ మంచిది. పేజీ పేజీకీ నీతులు చెప్పేవి మాత్రం వద్దు, ఈ వయసు పిల్లలు అది ఇట్టే పసిగట్టి పక్కన పడేస్తారు. బాధ, భయం, తొలిప్రేమ ఉన్నా ఇబ్బంది లేదు. మీ పిల్లలు తమంతట తాము పూర్తిచేసిన పుస్తకాలైతే, ఏ వయసులో చదివారో, అందులో ఏం నచ్చిందో కూడా రాయండి.