సీరియల్ సెట్‌లో డీజిల్ తగ్గించాలా, కథలో ఎండ చూపించాలా?

రామగిరి గాలి:
భూమి వేడెక్కుతుంటే టీవీ సీరియళ్ల వాళ్లు సెట్‌లో పొగ తగ్గించుకోవాలా, కథల్లో ఆ వేడిని చూపించాలా అని రాత్రి మా తమ్ముడితో మొదలైన వాదన తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. అమెరికాలో ఫాక్స్ ఛానెల్ సీరియల్ ‘24’ చాలామంది చూసే ఉంటారు. బాంబులు, కార్ల ఛేజింగులు. 2007లో దాని మాతృసంస్థ న్యూస్ కార్పొరేషన్‌ను 2010 కల్లా కర్బన తటస్థం, అంటే వదిలిన పొగకు సరిపడా మరోచోట తగ్గించి లెక్క సున్నా చేస్తానని దాని అధిపతి రూపర్ట్ మర్డోక్ ప్రకటించాడు. ఆ వరసలో ‘24’ యూనిట్ జనరేటర్లలో బయోడీజిల్ కలిపింది, హైబ్రిడ్ బండ్లు తెచ్చింది, హీరో కీఫర్ సదర్లండ్ చేత ప్రేక్షకులకు భూతాపం గురించి ప్రకటనల్లో చెప్పించింది. 2009లో ఏడో సీజన్ ముగిసేసరికి తమది కర్బన తటస్థ సీరియల్ అన్నారు. తగ్గించలేని పొగకు బదులు క్రెడిట్లు కొన్నారు, అంటే ఇంకెవరో ఇంకోచోట తగ్గించిన పొగను డబ్బిచ్చి తమ లెక్కలో వేసుకున్నారు. ఎక్కడివి? మన దేశంలోని గాలిమరలవి!

మాది అనంతపురం వైపు రామగిరి. నా చిన్నప్పుడే, 1990ల్లో, మా గుట్టల మీద గాలిమరలు లేచాయి. ఆ రోజుల్లో గాలిమర పెట్టిన కంపెనీ దాని ఖరీదు మొత్తం మొదటి ఏడాదే తరుగుదల (అరిగిపోయిన ఖర్చు) కింద చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకునే వీలుండేది. క్రెడిట్‌కు విలువ ఎప్పుడంటే, ఆ డబ్బు రాకపోతే మర లేచేదే కాదు అన్నప్పుడు. పన్ను కలిసొస్తుందని ఎలాగూ లేచే మరను చూపించి, లాస్ ఏంజెలెస్‌లో కాల్చిన డీజిల్ చెల్లు అయిపోయిందంటే నేను ఒప్పుకోను. ఫలానా మర అని కాదు, ఆ లెక్కే నాకు మింగుడుపడదు.

టీవీ వాళ్ల బలం కథ. దాన్ని వదిలేసి సెట్‌లో బల్బులు మార్చుకుంటే జనానికి ఏం తెలుస్తుంది?

లైట్‌మ్యాన్ 125 కేవీఏ:
అన్నా, క్రెడిట్ల సంగతి మీరన్నదే నిజం. సెట్‌ను మాత్రం తీసిపారేయొద్దు. పదహారేళ్లుగా హైదరాబాద్‌లో సీరియళ్లకు లైట్లు వేస్తున్నాను. అమెరికాలో పెద్ద స్టూడియోలు కొన్ని కలిసి 2021లో లెక్క బయటపెట్టాయి: గంట నిడివి డ్రామా ఒక్క ఎపిసోడ్‌కు సగటున 77 టన్నుల కర్బన ఉద్గారాలు. అందులో పెద్ద వాటా బండ్లకూ జనరేటర్లకూ పోసే ఇంధనానిదే.

మన దగ్గర అంత ఉండదు, బంగళా అద్దెకు తీసుకుని అందులోనే రోజుల తరబడి తీస్తాం. కానీ పొద్దున ఏడింటికి జనరేటర్ ఆన్ చేస్తే ప్యాకప్ దాకా ఆపం. భోజనం బ్రేక్‌లో ఒక్క లైటూ వెలగదు, అయినా తిరుగుతూనే ఉంటుంది. రెండు, ఐదు కిలోవాట్ల టంగ్‌స్టన్ లైట్లున్న రోజుల్లో తప్పేది కాదు. ఇప్పుడు మాకున్నవి ఎక్కువగా ఎల్ఈడీలే, చాలా సీన్లకు ఇంటి మీటరు సరిపోతుంది. ఒకచోట మేనేజర్‌కు ఇదే చెబితే “మధ్యలో కరెంటు పోతే ఆర్టిస్టు డేటు నువ్వు తెస్తావా?” అన్నాడు. ఆ పొగ వెనక వీధి ఇళ్లలోకి పోయేది. ఒక ముసలావిడ రోజూ వచ్చి అడిగేది, ఎప్పుడు ఆపుతారు నాయనా అని. ఆమె ముందు నిలబడి పర్యావరణం సీనుకు లైటింగ్ చెయ్యడం నావల్ల కాదు.

మాటలమూట:
నేను సీరియళ్లకు డైలాగులు రాస్తాను, రామగిరి గారి పక్షమే. 2022లో అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2016 నుంచి 2020 దాకా వచ్చిన 37,453 టీవీ, సినిమా స్క్రిప్టులు వెతికారు. వాతావరణ మార్పుకు సంబంధించిన మాట ఒక్కటైనా ఉన్నవి 2.8 శాతం.

మన సీరియళ్లలో అసలు ఎండాకాలమే రాదండీ! మే నెల మధ్యాహ్నం పెళ్లి, హీరోయిన్ పట్టుచీరలో ఉంటుంది, నుదుటి మీద చెమట చుక్క ఉండదు. బోరు ఎండదు, ట్యాంకర్ రాదు, పొలం నుంచి వచ్చిన మామగారికి వడదెబ్బ తగలదు. చూసే అమ్మ మాత్రం ఆ సాయంత్రమే బిందెలతో ట్యాంకర్ దగ్గర నిలబడి వచ్చి ఉంటుంది. ఒకసారి పెళ్లింట్లో నీళ్లు అయిపోయే సీను రాశాను. వియ్యాలవారి గొడవకు అంతకన్నా గట్టి కారణం ఉంటుందా? శుభకార్యంలో అపశకునం అంటూ ఛానెల్ వాళ్లు కొట్టేశారు.

ఉపన్యాసం అక్కర్లేదు. 1988లో హార్వర్డ్ వాళ్లు హాలీవుడ్ టీవీ రచయితల దగ్గరికి వెళ్లి, పార్టీకి వెళ్తే తాగనివాళ్లు ఒకరు బండి నడపాలి అన్న మాటను సీరియళ్లలో పెట్టించారు. ఒక పాత్ర ఒక వాక్యం అంటుంది, అంతే. ఇళ్లలో అది మామూలు మాటైపోయింది.

లీడ్స్ తెలుగమ్మాయి:
నేనిక్కడ ప్రొడక్షన్ ఆఫీసులో పని చేస్తాను. బ్రిటన్‌లో 2011 నుంచి టీవీ కార్యక్రమాల కర్బన లెక్క చూసే ఆల్బర్ట్ అనే వ్యవస్థ ఉంది, సినిమా, టీవీ అవార్డులిచ్చే బాఫ్టా సంస్థ కిందిది. ప్రయాణాలు, డీజిల్, హోటల్ గదులు, సెట్ చెక్క, అన్నీ అందులో నింపాలి. బీబీసీ లాంటి ఛానెళ్లు కొత్త కార్యక్రమం ఇచ్చేటప్పుడే ఆ ధ్రువీకరణ అడుగుతాయి. లైట్‌మ్యాన్ అన్నయ్యా, తేడా అక్కడే ఉంది. మీ మేనేజర్ మంచితనం మీద ఆధారపడితే పని జరగదు. డబ్బిచ్చే ఛానెల్ అడగాలి.

కథల సంగతికొస్తే, 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సు జరుగుతున్నప్పుడు ఈస్ట్ఎండర్స్, కొరొనేషన్ స్ట్రీట్, ఎమర్‌డేల్ సహా ఏడు సీరియళ్లు ఒకే వారంలో వాతావరణం మీద సీన్లు పెట్టాయి. ఒక సీరియల్ పాత్రలు ఇంకోదాంట్లో కనిపించాయి. నాకు ముచ్చటేసింది, కానీ కొన్ని సీన్లు పాఠం చెప్పినట్టే ఉన్నాయి. మాటలమూట గారి పెళ్లి సీను వాటికన్నా బాగుంది.

రామగిరి గాలి:
ముసలావిడ సంగతి చదివాక బల్బుల మాట వెనక్కి తీసుకుంటున్నాను. సెట్ పక్కన ఉన్నవాళ్లూ ప్రేక్షకులే, అది నాకు తట్టలేదు. క్రెడిట్ల మీద మాత్రం దిగను. లైట్‌మ్యాన్ తమ్ముడూ, భోజనం బ్రేక్‌లో జనరేటర్ ఆపితే రోజుకు ఎంత డీజిల్ మిగులుతుంది?

లైట్‌మ్యాన్ 125 కేవీఏ:
ఎవరూ రాసిపెట్టలేదన్నా. జనరేటర్ వ్యాన్ డ్రైవర్ దగ్గర డీజిల్ బిల్లులుంటాయి. సోమవారం కొత్త షెడ్యూల్. పొద్దున, బ్రేక్‌కు ముందు, బ్రేక్ తర్వాత, ప్యాకప్‌కు ట్యాంకులో కర్ర ముంచి కొలిచి నోట్‌బుక్‌లో రాస్తాను. నెల తిరిగాక ఇక్కడే పెడతాను. మాటలమూట గారూ, మీరు ఆ నీళ్ల సీను ఇంకోసారి రాయండి, లైటింగ్ నేను చేస్తాను.